రెండురోజుల వేరు

జూలై 5, శుక్రవారం

వ్యవసాయ శాఖలో మేబుల్ తయారుచేసిన యంత్రం మీద వార్త రాసి ఇచ్చేశాను. తొమ్మిది వందల మాటలు. రేపు మొదటి పేజీ.

ఆఫీసు నోటుబుక్కులో ఉన్నవి వార్తలోకి వెళ్ళాయి. వెళ్ళనివి ఈ పుస్తకంలో రాసుకుంటాను.

పోర్ట్ విలా రేవు వెనక పాత కొబ్బరి గోదాములో ఒక మూల ఆమె పని బల్ల. యంత్రం టార్చిలైటు కంటే కాస్త లావు. కావా అంటే ఇక్కడ దంచి, నీళ్ళలో పిండి తాగే మత్తు వేరు. ఎండిన కావా వేరు పొడి చెంచాడు గిన్నెలో వేసి దాని మూతి కింద పెడితే లోపలి నుంచి ఒక కాంతి పడుతుంది. తొంభై సెకన్లు. మంచి వేరైతే పచ్చ దీపం, రెండురోజుల వేరైతే ఎర్ర దీపం. రెండోది తాగినవాడు రెండు రోజులు లేవడు. ఆ సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. బయటి దేశాల్లో కొనేవాళ్ళకు మాత్రం చూసి పోల్చుకోవడం చేతకాదు. ఒక్క మూట కలిసినా సరుకు మొత్తం తిప్పి పంపుతారు.

ఆగస్టు 19న ఫిజీలోని నాది పట్నంలో ద్వీప దేశాలన్నీ కూర్చుని కావాకు ఒకే పరీక్షను ఎంచుకుంటాయి. ఫిజీ వాళ్ళు ప్రయోగశాల పద్ధతితో వస్తున్నారు. ఖచ్చితమైనదే. తొమ్మిది రోజులు పడుతుంది. మనం మేబుల్ యంత్రంతో వెళుతున్నాం. ఎవరి కొలతను ఒప్పుకుంటే బేరం వాళ్ళ ఒడ్డున జరుగుతుంది.

"వాళ్ళకి భవనం ఉంది మామయ్యా," అంది మేబుల్. "మనకి ఎనభై దీవులున్నాయి. భవనం దగ్గరికి దీవి నడిచి రాదుగా. అందుకే చేతిలో పట్టేది చేశా."

ఇది వార్తలో పెట్టాను. బాగుంది.

యంత్రానికి మంచీ చెడూ ఎలా నేర్పావని అడిగాను. పెంటెకోస్ట్ దీవిలో మా ఊరు లోల్తారి, దాని చుట్టుపక్కల పల్లెలు కలిపి నలభై మంది రైతులకు శాఖవాళ్ళు ఉత్తరం రాశారట. ఒక్కొక్కరి నుంచి మూడు మంచి వేళ్ళు, మూడు రెండురోజులవి. మొత్తం రెండు వందల నలభై. యంత్రం నూటికి తొంభై ఆరు సార్లు సరిగ్గా విడదీస్తోంది.

ఆమె మా అక్క కూతురని వార్తలో రాయలేదు. ఈ దేశంలో ఎవరి గురించి రాసినా వాళ్ళు ఎవరికో ఒకరికి మేనకోడలే. నేను చూసింది విలేకరిగా.

జూలై 6

మొదటి పేజీ. ఫోటో పెద్దదిగా వేశారు.

జూలై 8

సాంతో దీవి నుంచి ఒక ముసలాయన ఫోన్. మనవరాలి పెళ్ళికని వాగులో కడిగి, తోలు తీసి, తెల్లగా చేసి ఉంచుకున్న వేరును వ్యవసాయ శాఖ వాళ్ళు యంత్రం కింద పెడితే ఎర్ర దీపం వెలిగిందట.

"మా తాత నాటిన గట్టు మీది వేరయ్యా అది. పెళ్ళివారి ముందు నా పరువు తీశారు. నీ పేపర్లో రాస్తావా ఇది?"

కనుక్కుంటానని చెప్పాను. ప్రతివాడూ తన వేరే మంచిదంటాడు. నూటికి నాలుగు తప్పులని మేబుల్ ముందే చెప్పింది. ఇది ఆ నాలుగులో ఒకటి.

జూలై 9

మేబుల్ ఒక యంత్రాన్ని వారం రోజులు వాడి చూడమని ఇచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కాలో నకమాల్‌కు, అంటే అతని కావా కొట్టుకు, తీసుకెళ్ళాను. అక్కడి బల్లల మీద ఉన్నవాళ్ళంతా గుమిగూడారు. కాలో తన పొడి చెంచాడు వేశాడు. తొంభై సెకన్లు ఎవరూ దగ్గలేదు.

పచ్చ.

"నా కొట్టుకి సర్కారు సర్టిఫికెట్ వచ్చింది రోయ్," అన్నాడు కాలో. అందరూ నవ్వారు. నాకు ఊరికే ఒక కొబ్బరిచిప్పెడు కావా పోశాడు. రెండోది కొనుక్కున్నాను. అలవాటు ప్రకారం గోడవైపు తిరిగి ఒక్క గుక్కలో తాగాను. కొంచెం చేదు ఎక్కువ.

జూలై 12

పదో తేదీ, పదకొండో తేదీ లేవు.

వరుసగా గుర్తున్నంత వరకు: బుధవారం లేవబోతే గోడ పక్కకు ఒరిగింది. తల కాదు, గోడే. మళ్ళీ మంచం మీదే పడ్డాను. గురువారం మధ్యాహ్నం లేచి నీళ్ళు తాగి మళ్ళీ పడుకున్నాను. వార్త ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది. మా సంపాదకురాలు లెయిసావ్ పదకొండుసార్లు ఫోన్ చేసినట్టుంది.

మంగళవారం మధ్యాహ్నం బజారులో తిన్న చేప అయి ఉంటుంది. నాకు యాభై మూడేళ్ళు. ఎండలు కూడా బాగా ఉన్నాయి.

ఇక్కడ జూలై చలికాలమని ఇప్పుడు గుర్తొచ్చింది.

జూలై 13

కాలో దగ్గరికి వెళ్ళాను. ఆ రాత్రి తాగినవాళ్ళలో ఆరుగురు పనికి వెళ్ళలేదట. ఆరుగురూ చేప తినలేదు.

"ఆ వేరు ఎక్కడిది?"

"ఓడ మీదొచ్చింది. పెంటెకోస్ట్‌ది. చవగ్గా ఇచ్చారు."

"చవగ్గా ఎందుకిచ్చారో అడగలేదా?"

"నేనెందుకడుగుతా అన్నా? మిషన్ పచ్చ చూపించింది. ఆ మిషన్ గొప్పదని పేపర్లో నువ్వే రాశావ్. చదువుకోనోణ్ణి, అచ్చులో వచ్చింది నమ్మేశా."

మిగిలిన పొడి ఒక కవరులో కట్టించుకుని తెచ్చాను. కాలో దానికి డబ్బు తీసుకోలేదు. అదొక్కటే ఆయన పశ్చాత్తాపం.

జూలై 15

గోదాములో మేబుల్ ఆ పొడిని ఇరవై సార్లు పెట్టింది. ఇరవై సార్లూ పచ్చ.

తర్వాత పాత పద్ధతి. గోళ్ళ రంగు తుడిచే ద్రావకంలో పొడి కలిపి గాజు గొట్టంలో వదిలేస్తే, మంచి వేరు నిమ్మపండు రంగుకు తిరుగుతుంది, రెండురోజులది నారింజ రంగుకు. పావుగంట పడుతుంది, చేయి తిరిగినవాళ్ళు కావాలి, రంగు దగ్గర ఇద్దరికి మూడు అభిప్రాయాలుంటాయి. యంత్రం చేసిందే ఆ గొడవ లేకుండా ఉండటానికి.

గొట్టం నారింజ రంగుకు తిరిగింది. అభిప్రాయాలకు చోటు లేనంత నారింజ.

మేబుల్ గొట్టాన్ని పక్కన పెట్టింది. అలమర తెరిచింది. యంత్రానికి నేర్పడానికి వాడిన వేళ్ళ పొడి ఇంకా కొన్ని సీసాల్లో మిగిలి ఉంది. 'రెండురోజులది' అని చీటీ అంటించినవి ముప్పై ఒకటి. ఒక్కొక్కటే గొట్టాల్లో వేసి కిటికీ దగ్గర వరుసగా పెట్టింది. ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చుని చూశాం.

ఇరవై తొమ్మిది నిమ్మపండు రంగు.

"ఇవి చెడ్డవి కావు మామయ్యా," అంది. "నేను దానికి మంచివాటిని మంచివనీ, మంచివాటినే చెడ్డవనీ నేర్పా."

"మరి తొంభై ఆరు ఎలా వచ్చింది? రెండూ ఒకటే అయితే విడదీయలేకపోవాలిగా?"

ఆమె నావైపు చూసింది. అది ఆమెను కూడా పట్టుకున్న ప్రశ్న.

"అది ఏదో తేడా చూసింది. ఏం చూసిందో నాకు తెలీదు."

ఇంటికి వచ్చాక కూడా అదే. రెండు వందల నలభై మంచి వేళ్ళు. అందులో సగాన్ని వేరుగా పోల్చుకుంది. దేన్ని చూసి?

జూలై 18

లెయిసావ్ తలుపు వేసి కూర్చోమంది.

"యంత్రం మీద రెండో వార్త ఏది?"

విషయం చెప్పాను. ఎందుకు తప్పిందో తెలిసేదాకా రాయడం తొందరపాటు అవుతుందన్నాను. వాస్తవాలు పూర్తి కాలేదన్నాను.

"ఎందుకు తప్పిందో అనేది రెండో వార్త. తప్పింది అనేది మొదటి వార్త. ఇది నాకు నేర్పిందే నువ్వు."

"నాదిలో మీటింగ్ ఇంకా నెల రోజులే. ఇప్పుడు రాస్తే యంత్రం బల్ల మీదికే రాదు. ఫిజీ పద్ధతి ఖాయం. మన రైతులు ప్రతి మూటకీ తొమ్మిది రోజులు రేవులో కాచుక్కూర్చుంటారు."

"రాయకపోతే ఇంకో ఆరుగురు పడిపోతారు." కలం మూత పెట్టింది. "ఆ అమ్మాయి నీకేమవుతుంది సెల్విన్?"

చెప్పాను.

"ఎప్పుడు చెబుదామనుకున్నావ్?"

లెయిసావ్ క్యాలెండరు వైపు తిరిగింది.

"వచ్చే శనివారం, ఇరవై ఏడు. నువ్వు రాస్తావా, ఇంకెవరితోనైనా రాయించనా? నువ్వే రాస్తే మొదటి వాక్యంలో ఆమె నీకు మేనకోడలని ఉండాలి. ఆ తర్వాత ఈ విషయం నీది కాదు."

కోపం రాలేదు. నేనైనా అదే చేసేవాణ్ణి. చేసేవాణ్ణనే అనుకుంటున్నాను.

జూలై 22

పెంటెకోస్ట్‌లో సారా అనేచోట గడ్డి రన్‌వే మీద విమానం దిగింది. లోల్తారికి రెండు గంటలు ట్రక్కు వెనక. అక్క తురిమిన దుంపలతో లాప్‌లాప్ వండి ఆకులు కప్పి ఉంచింది. ఏమోస్ బావ, అంటే మేబుల్ తండ్రి, ఇంట్లో లేడు. నేను వస్తున్నానని తెలిసి తోటకు వెళ్ళాడట. చీకటి పడ్డాక కూడా రాలేదు.

జూలై 23

మలాకి మామ దగ్గరికి వెళ్ళాను. మా అమ్మకు అన్న, ఊరికి పెద్ద. మేబుల్ శాఖవాళ్ళ ఉత్తరం ఆయన పేరనే వచ్చింది.

మా ఊళ్ళో మేనమామ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు. ఆయన కంటే ఎత్తున కూర్చోకూడదు, ఆయన చెప్పింది నిజమా అన్నట్టు చూడకూడదు. ముప్పై ఏళ్ళుగా మంత్రులను నిలదీశాను. ఇక్కడ నేల మీద కూర్చుని చేతివేళ్ళు చూసుకుంటూ ఒకే ఒక్కటి అడిగాను.

"మామా, ఉత్తరం వచ్చినప్పుడు ఏం జరిగింది?"

"నలభై మందినీ ఊరి నకమాల్‌లో కూర్చోబెట్టి చదివి వినిపించా. మంచివి మూడు, రెండురోజులవి మూడు ఇవ్వండని ఉంది. ఇచ్చారు."

చాప అంచు సర్దుకున్నాడు.

"మంచివి ఎలా ఉన్నవి అలాగే పంపారు. ఆ రెండోవి మాత్రం నేనే దగ్గరుండి వాగులో మూడేసి సార్లు కడిగించా. తోలు ఒక్క పొర లేకుండా గీయించా. మన ఊరి మాట పోకూడదుగా."

లేచి వచ్చేశాను. ఇంకేం అడగడానికి లేదు.

చెడ్డ వేరును మూడుసార్లు కడగడమెందుకు?

సాంతో ముసలాయన పెళ్ళి వేరు. వాగులో కడిగి, తోలు తీసి, తెల్లగా. ఎర్ర దీపం.

జూలై 24

పొద్దున్నే తోటకు వెళ్ళాను. ఏమోస్ బావ నన్ను చూసి యామ్ దుంప పాదు వెనక వంగున్నాడు. దగ్గరికి వెళ్ళగానే బురద చామాకు ఒకటి వచ్చి నా మొహం మీద చప్పున పడింది.

"ఏరా బామ్మర్దీ. పట్నంలో మొహం కడుక్కోవడానికి నీళ్ళు లేవంట కదా."

"నిన్నట్నుంచి పొదల్లో దాక్కున్నావంట కదా బావా. అక్క కొట్టిందా?"

"మీ అక్క కొడితే తట్టుకుంటా. నువ్వు ప్రశ్నలడిగితే తట్టుకోలేను."

బావాబామ్మర్దుల మధ్య ఇక్కడ ఏదైనా చెల్లుతుంది. బురద చల్లొచ్చు, చొక్కా దాచొచ్చు, కుళ్ళిన యామ్ ఆకులో చుట్టి విందు అని పంపొచ్చు. కోపం తెచ్చుకున్నవాడే జరిమానాగా పంది ఇచ్చుకోవాలి. మేనమామ దగ్గర మూసుకున్న నోరు ఇక్కడ తెరవొచ్చు.

"మీ ఊరివాళ్ళు అబద్ధం చీటీలు అంటించారు బావా. రెండురోజులదని రాసి మంచి వేరు పంపారు."

ఏమోస్ బావ పలుగు పక్కన పెట్టాడు. నవ్వు పోయింది.

"ఆ కాగితంలో మాట ఏముంది? 'ఇవ్వండి' అని. కింద సంతకం ఎవరిది? నా కూతురుది. సర్కారు అడిగింది, నా బిడ్డ అడిగింది, ఇవ్వమని. ఇచ్చే చేత్తో చెడ్డది ఇస్తారా ఎవరైనా? నీకు తెలీదా?"

"అది పరీక్షకి బావా."

"పరీక్షకే. అందుకే ఇంకా భయమేసింది. ఆ పట్నంలో ఎవరో మూట విప్పి, ఇది మేబుల్ తండ్రి పంపిన వేరు, ఇంత దరిద్రంగా ఉందేంటి అంటే? మామూలుది మూడు పంపాం. రెండో మూడు అడిగేసరికి ఇంకా మంచిది తీసి, కడిగి, గీసి, పెద్దల ముందు పెట్టేదానిలా చేసి పంపాం. నలభై మందీ అంతే. కడగడం మీ మామ ముందే గానీ, అది మంచి వేరని ఎవడూ ఎవడికీ చెప్పలేదు. ప్రతివాడూ తనొక్కడే అనుకున్నాడు."

అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

యంత్రం తప్పు చేయలేదు. నూటికి తొంభై ఆరు సార్లు అది పట్టుకున్నది మర్యాదను. కడిగి, తోలు తీసిన తెల్లటి వేరు కనిపిస్తే ఎర్ర దీపం. మట్టీ తోలూ అంటి ఉన్న మామూలు వేరు కనిపిస్తే, అది ఏ జాతిదైనా, పచ్చ దీపం. మనవరాలి పెళ్ళికి ఎంత శ్రద్ధగా తయారుచేస్తే అంత ఎర్రగా వెలుగుతుంది.

ఈ తప్పు ఫిజీ ప్రయోగశాలలోనో ఇంకో దేశం ఫ్యాక్టరీలోనో పుట్టదు. మా ఊళ్ళోనే పుట్టాలి.

"మరి నిజమైన రెండురోజుల వేరు కావాలంటే ఎలా అడగాలి బావా?"

ఏమోస్ బావ చామాకుతో చేతులు తుడుచుకున్నాడు. ఆలోచించాడు.

"నన్ను సర్కారు అడిగితే లేదు. మీ మామ అడిగితే అసలు లేదు." నవ్వు తిరిగొచ్చింది. "బామ్మర్ది అడిగితే... మూటెడు ఇస్తా. సంతోషంగా ఇస్తా. ఊరంతా చూస్తుండగా ఇస్తా."

జూలై 25

చర్చి వెనక కొండ ఎక్కితేనే ఫోన్ అందుతుంది. మేబుల్‌కు అంతా చెప్పాను. తండ్రి మాటలు చెప్పినప్పుడు "అయ్యో నాన్నా" అంది.

శనివారం వార్త వస్తుందన్నాను.

"రాయండి మామయ్యా. మా డైరెక్టర్‌కి మాత్రం ముందు నేను చెప్పాలి. పేపర్లో చూసి తెలుసుకోకూడదు. గంట టైమివ్వండి."

గంట ఇచ్చాను. తర్వాత కొండ మీదే నిలబడి వార్తను లెయిసావ్‌కు చదివి వినిపించాను. మొదటి వాక్యం: "ఈ వార్త రాసిన విలేకరి ఆ యంత్రం తయారుచేసిన అమ్మాయికి మేనమామ, ఈ నెల 6న రాసినప్పుడు ఆ సంగతి చెప్పలేదు." ఆమె ఒక్క మాట కూడా మార్చలేదు.

సాయంత్రం మేబుల్ నుంచి కబురు. యంత్రాన్ని నాది సమావేశం జాబితాలోంచి ఇంకా తీయలేదు. ఆగస్టు 12న బయటివాళ్ళ ముందు, చీటీ లేని యాభై పొట్లాలతో పరీక్ష. నలభై ఐదుకు తగ్గితే నాది సమావేశమూ లేదు, యంత్రమూ లేదు, గోదాములో ఆమె బల్లా లేదు.

పద్దెనిమిది రోజులు.

జూలై 27

పేపరు ఇక్కడికి రాదు. కొండ ఎక్కగానే కాలో ఫోన్.

"అన్నా, ఫిజీ వాళ్ళు ఎన్ని చిప్పలు పోశారేంటి నీకు? ఇక్కడ బల్లల మీద అందరూ అదే అనుకుంటున్నారు."

"నువ్వు పోసిన రెండు చిప్పలే కాలో."

గొంతు తగ్గించాడు. "పేరు రాయలేదు గదా నాది?"

"లేదు."

"మంచోడివి," అని పెట్టేశాడు.

జూలై 30

స్వాతంత్ర్య దినం. జెండా ఎగిరింది, పిల్లలు పాడారు, మలాకి మామ మాట్లాడాడు. భోజనాలకు ముందు ఏమోస్ బావ ఒక మూట భుజాన వేసుకుని మైదానం మధ్యకు వచ్చాడు.

"నా బామ్మర్ది పట్నం నుంచి వచ్చాడు. పెద్ద పేపరు మనిషి. ఇంత పెద్దమనిషికి తగ్గ కానుక ఇవ్వకపోతే ఎలా? ఇదిగో. నా తోటలో ఇంతకంటే దరిద్రపు వేరు లేదు. తాగితే ఆదివారం దాకా లేవడు."

మూట నా కాళ్ళ మీద పడేశాడు. ఆడవాళ్ళు ముందు నవ్వారు. ఆచారం ప్రకారం తీసుకోక తప్పదు. మూట ఎత్తుకుని "మా బావ మనసంత శుభ్రంగా ఉంది" అన్నాను.

అక్కడి నుంచి అది పాకింది. ఒకడు లేచి తన బామ్మర్ది దగ్గరికి పరుగెత్తాడు. ఇంకొకడు తన బావ మెడలో రెండురోజుల వేళ్ళు దండలా వేశాడు. కలం తీసి ప్రతి మూట మీద ఎవరి తోట, ఏ గట్టు అని రాసుకుంటూ పోయాను. "రాసుకో రాసుకో, మా బావ గట్టు మీద ఇదే పండుతుంది" అని దగ్గరుండి పేర్లు చెప్పారు. చీటీలు ఇంత నిజాయితీగా ఎప్పుడూ పడి ఉండవు.

మలాకి మామ ఇదంతా జరుగుతున్నంతసేపూ మైదానానికి వీపు తిప్పి సముద్రం చూస్తూ కూర్చున్నాడు. ఆయన చూడకపోతే ఊరు ఇచ్చినట్టు కాదు. చివర్లో తిరగకుండానే అన్నాడు: "అయిందా?"

"అయింది మామా."

"కడగొద్దని చెప్పు."

సాయంత్రానికి నా ముందు నలభై ఒక్క మూటలు. ఊళ్ళో లేనే లేదన్న వేరు. అన్నీ బాగా ఎండినవి, అంటే ముందే ఎండబెట్టి అటకల మీద ఉంచినవి. ఏ ఓడ కోసం ఉంచారో అడగలేదు. జూలై 9న నేను తాగిన చవక సరుకు గుర్తుంది.

ఆగస్టు 3

ఓడ దిగాను. గోదాములో మూటలు. మేబుల్ గొట్టాల్లో పరీక్షించింది. నలభై ఒకటికి నలభై ఒకటీ నారింజ. వెంటనే ప్రతి మూటను రెండు చేసింది: సగం మట్టితో అలాగే, సగం కడిగి, తోలు తీసి. మంచి వేళ్ళనూ అంతే. "ఈసారి మర్యాద చూసి మోసపోదు," అంది.

ఆగస్టు 8

ఆమె బల్ల దగ్గర నాకు పనేమీ లేదు. రోజూ వెళుతున్నాను. వేళ్ళు తోముతున్నాను.

ఆగస్టు 12

యాభైకి నలభై ఎనిమిది.

ఆగస్టు 20, నాది

వార్త నాది కాదు కాబట్టి సెలవు పెట్టి సొంతంగా వచ్చాను. వెనక వరుసలో కలం లేకుండా కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిన్న మేబుల్ యంత్రం చూపించింది. మొదటిసారి ఎందుకు తప్పిందో కూడా చెప్పింది. వాళ్ళ డైరెక్టర్ వద్దన్నా చెప్పింది. 'మర్యాద' దగ్గరికి వచ్చేసరికి సమోవా, టోంగా బల్లల దగ్గర అందరూ తలలూపారు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళ ఊళ్ళల్లోనూ వాగులున్నాయి.

ఈ రోజు ఫిజీ తరఫున డాక్టర్ వసితి లేచింది. అరవై దాటిన మనిషి, జుట్టులో పువ్వు, చేతిలో చీటీలేని పది పొట్లాలు. ఆమె సొంతంగా తెచ్చినవి. మేబుల్ ఒక్కొక్కటే పెట్టింది. ఏడు పచ్చ, మూడు ఎరుపు. డాక్టర్ వసితి తన కాగితం తీసి చూసుకుంది. పదీ సరిపోయాయి. కాగితం మడిచి లోపల పెట్టుకుంది.

"ఒక్కటి అడగనా తల్లీ. మా రైతుల్ని రెండేళ్ళుగా అడుగుతున్నాం చెడ్డ వేళ్ళు ఇవ్వమని. ఒక్కటి రాదు, ఈ మూడూ మా ప్రయోగశాల తోటలోవి. వచ్చిందల్లా మంచిదే. నీకు నలభై ఒక్క మూటలు ఎలా వచ్చాయి?"

ఇది మాత్రం ఎవరికీ చెప్పొద్దని, మన బలం అదేనని వాళ్ళ డైరెక్టర్ బయలుదేరే ముందే చెప్పాడు. మేబుల్ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను ఏమీ చేయలేదు. కలం లేనివాడు ఏం చేస్తాడు?

"మీ రైతులకి బావమరుదులు లేరా అమ్మా?" అంది మేబుల్.

డాక్టర్ వసితి బల్ల పట్టుకుని కూర్చుని కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. పక్కవాడికి చెవిలో చెప్పింది. అతనూ మొదలుపెట్టాడు. ఆ వరుసంతా.

నిర్ణయం సాయంత్రం వచ్చింది. దీవుల్లో మొదటి పరీక్ష చేతి యంత్రంతో. తగాదా వస్తే ప్రయోగశాల. ఏ దేశానికి ఆ దేశం వేళ్ళతో యంత్రానికి నేర్పాలి. నేర్పే పద్ధతి శిక్షణ మాత్రం పోర్ట్ విలాలో.

భోజనం దగ్గర మేబుల్‌ను అడిగాను, ఎందుకు చెప్పావని.

"చెబితే ఏం పోయింది మామయ్యా? వాళ్ళు బావల్ని వెతుక్కుని మూటలు తెచ్చుకునేసరికి ఏడాది. అప్పటికి మన దగ్గర ఇంకో యంత్రం ఉంటుంది. దాచుకుని కూర్చుంటే ఇదొక్కటే ఉంటుంది."

ఇది వార్తలో పెట్టదగ్గ మాట. లెయిసావ్ పంపిన కుర్రవిలేకరికి చెప్పాను. వాడు రాసుకున్నాడు.

ఆగస్టు 25, ఆదివారం

ఇంటికి చేరేసరికి గుమ్మంలో ఒక బుట్ట. ఏమోస్ బావ ఓడ మీద పంపాడు. లోపల ఒకే ఒక్క వేరు. వాగులో కడిగినది, తోలు ఒక్క పొర లేదు, తెల్లగా ఉంది. అరటాకులో చుట్టి ఉంది. చీటీ లేదు.

మేబుల్ తండ్రిగా పంపాడా, బావగా పంపాడా?

చాలాసేపు చూశాను. కూతురు గెలిచినందుకు ఒక తండ్రి పంపే వేరు ఇలాగే ఉంటుంది. 'కడగొద్దని చెప్పు' అన్న మామ మాట విన్న బావ కడిగి పంపే వేరు కూడా ఇలాగే ఉంటుంది.

మేబుల్ కొత్తగా నేర్పి ఇచ్చిన యంత్రం బల్ల మీదే ఉంది. తొంభై సెకన్ల పని. కానీ ఇచ్చిన వేరును పరీక్షించి తాగే మనిషి మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

దంచాను, పిండాను. సూర్యుడు ఇంకా ఉన్నాడు. గోడవైపు తిరిగి ఒక చిప్ప తాగాను. కొంచెం చేదు.

అది ప్రేమే అని నా నమ్మకం. పెద్దవాడవుతున్నాడు కదా.

ఆగస్టు 28

ఇరవై ఆరు, ఇరవై ఏడు లేవు.

బావే.